తోరా రాయి నడిచిన దారి

సరస్సు మీది మంచుగడ్డ విడిపోయాక వచ్చే తొలి సోమవారం నాడు రాయిని కొలవడం సిగ్‌బ్రిట్‌కు ఇరవై ఆరేళ్ల అలవాటు. ఫ్లాస్కులో కాఫీ, జున్ను పెట్టిన రై రొట్టె ముక్కలు రెండు, ఉక్కు టేపు, కోణం చూసే దుర్బిణి, మెత్తని బ్రష్షు, బకెట్టు, నీలం అట్ట నోటుపుస్తకం సైకిలు బుట్టలో సర్దుకుని ఆమె హోల్మ్‌స్తా ఊరి ఉత్తరపు చివర, బార్లీ చేని గట్టున దిగేది. ముందు సరస్సు నీటితో రాతి మీది పాచిని కడిగేది. సబ్బు తగలనిచ్చేది కాదు. ఇనుప తీగల బ్రష్షు పేరెత్తితేనే మండిపడేది. తరువాత నేలబండలో దిగవేసిన ఇనుప మేకు నుంచి ఒక కొలత, రహదారి పక్కనున్న పాత మైలురాయి నుంచి ఒక కొలత, చర్చి గోపురపు మూలతో ఒక కోణం తీసుకుని, మూడింటినీ పుస్తకంలో వేసి, కింద గీత గీసేది.

ఆ ఏడు, అంటే 2016 వసంతంలో, రాయి ఇరవై ఒక్క సెంటీమీటర్లు నడిచింది. కిందటేడు పంతొమ్మిది. అక్షరాలకు కొత్తగా ఎర్రరంగు నింపిన సంవత్సరాల్లో నలభై దాటేది. రంగు వెలిసేకొద్దీ నడక మందగించేది. ఎందుకని ఎవరూ అడగలేదు. వసంతంలో మంచు కరుగుతుంది, కొంగలు తిరిగి వస్తాయి, తోరా రాయి జరుగుతుంది. దాని వెనక గడ్డి తనంతట తానే కలిసిపోతుంది.

అది మనిషి భుజమెత్తు బూడిదరంగు గ్రానైటు. ఒకప్పుడు ఇంకా ఎత్తుండేది; 1974లో పై మూడో వంతు విరిగిపోయింది, విరిగిన ముక్క దొరకలేదు. దాని మీద పాములా చుట్టుకున్న పట్టీలో రూన్ అక్షరాలున్నాయి. వెయ్యేళ్ల నాటి ఉత్తరదేశపు లిపి అది. ‘తోరా తన కొడుకు ఊల్వ్ జ్ఞాపకంగా ఈ రాయి నిలిపించింది. చేయి కలిపి ఒట్టేసుకున్నవాడే అతణ్ణి చంపాడు.’ అక్కడితో రాయి విరిగింది. విరిగిన భాగంలో ‘దేవుడు అతని ఆత్మను కాపాడుగాక’ అని ఉండేదనడానికి 1687లో ఒక చిత్రకారుడు వేసిన బొమ్మ ఆధారం. ఇందులో శాపం ఒక్క ముక్క కూడా లేదన్న సంగతి సిగ్‌బ్రిట్ చూడవచ్చినవాళ్లకు గట్టిగా చెప్పేది. ఆ తల్లి ప్రార్థన మాత్రమే చెక్కించింది. పగ ఏదైనా ఉంటే అది రాతి నడకలో ఉంది, రాతలో లేదు.

ఊరివాళ్లు మరో కథ చెప్పుకునేవారు. ఊల్వ్‌ను చంపినవాడిది ఉత్తరపు కమతమనీ, రాయి వెయ్యేళ్లుగా ఆ ఇంటికే నడుస్తోందనీ. సిగ్‌బ్రిట్‌కు ఆ కథంటే చిరాకు. చర్చి దస్తావేజుల్లో ఆ కమతం పదకొండుసార్లు చేతులు మారింది. ఆ దస్తావేజులైనా మూడున్నర శతాబ్దాలకు మించి వెనక్కి పోవు. హంతకుడు ఎక్కడ కాపురమున్నాడో చెప్పగల కాగితం ఎక్కడా లేదు. పైగా పాత కొలతలన్నీ పటం మీద పెట్టి చూస్తే రాయి తిన్నగా నడవనే లేదు. 1861లో ఒక పాదిరి దాన్ని పగలగొట్టించి వంతెన కింద వేయించబోయాడు. ఊరు అడ్డుపడింది. అది మొదలు ఆ పాదిరి చనిపోయిన 1880 దాకా రాయి ఆయన ఇంటివైపు నడిచింది. తరువాత తొంభై ఏళ్లు దారి తెలియనట్టు అక్కడక్కడే మసిలింది. ఉత్తరపు కమతం వైపు తిరిగింది 1974 తరువాతే. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఆ సోమవారం ఆమె టేపు చుట్టుకుంటుండగా కమతం యజమాని హెల్మెర్ కర్ర పొడుచుకుంటూ గట్టు మీదికి వచ్చాడు. ఎనభై నాలుగేళ్ల మనిషి. చర్చి సంఘంలో యాభై ఏళ్లుగా సభ్యుడు. భార్య మైలీస్ పోయి మూడేళ్లయింది.

“ఏమ్మా, వాల్‌ఫ్రిడ్ కూతురా! మీ చుట్టం మా ఇంటికి రావడానికి ఇంకెన్నాళ్లు పడుతుందంటావు? కాఫీ పెట్టించి ఉంచనా?”

“ఈ లెక్కన అరవై ఏళ్లు పెద్దాయనా. ఇప్పుడే పెట్టిస్తే చల్లారిపోతుంది.”

“అరవయ్యా! అంతవరకు నేనుంటే కదా. దాని గీతే నా ప్రాణం తీస్తోంది.”

గీత అంటే రక్షిత పరిధి. ఈ రాయికి పన్నెండు మీటర్లు. ఆ లోపల పార దించకూడదు, గుంజ పాతకూడదు, పునాది తవ్వకూడదు. రాయి జరిగితే గీత కూడా జరుగుతుంది. పురావస్తు కార్యాలయం నుంచి ఓర్యాన్ అనే అధికారి ఏటా కొత్త పటం గీసి పంపిస్తాడు. ఆ వసంతంలో గీత హెల్మెర్ యంత్రాల కొట్టం గోడను తాకింది. కొట్టం వాననీటికి కుంగుతోంది. పునాది సరిచేసుకుందామంటే వీల్లేదన్నారు.

“అర్జీ పెట్టాను,” అన్నాడు హెల్మెర్. “దీన్ని చర్చి ఆవరణలోకి తరలించమని. కింద కాంక్రీటు దిమ్మె, ఉక్కు కడ్డీలు. ఖర్చంతా నాది. నువ్వు కాదంటావని నాకు తెలుసు. అన్నా సరే, నేను ఊరుకోను.”

ఆమె రాతి విరుపు కింద, నాలుగు వైపులా చుట్టి వచ్చిన వేలెడు గాడిని బొటనవేలితో తడుముతూ నిలబడింది. ఆ గాడి అంచుల్లో తుప్పు మరక ఇంకా ఉంది.

వాల్‌ఫ్రిడ్ ఆమె తండ్రి. ముప్ఫై ఏళ్లు ఆ చుట్టుపక్కల రాళ్లకు రంగు నింపినవాడు. అవిసె నూనెలో ఇనుప తుప్పు పొడి కలిపి తానే రంగు నూరుకునేవాడు. తాగేవాడు కూడా. ఊరందరికీ తెలుసు. 1974 సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం రాయి విరిగింది. వాల్‌ఫ్రిడ్ తాగిన మైకంలో వ్యాన్ వెనక్కి నడిపి రాయిని గుద్దడం తన కళ్లతో చూశానని హెల్మెర్ పోలీసులకు చెప్పాడు. చర్చి సంఘం సమావేశంలో అదే మాట లేచి నిలబడి చెప్పాడు. జరిమానా పడింది, పని పోయింది. విరిగిన ముక్కను సరస్సులో పారేశాడన్నారు. రెండేళ్లలో వాల్‌ఫ్రిడ్ చనిపోయాడు. అప్పటికి సిగ్‌బ్రిట్‌కు పద్దెనిమిదేళ్లు.

రాళ్ల సంరక్షణ చదువుకుని 1990లో తిరిగి వచ్చినప్పుడు ఆమె మొదట చూసింది ఆ గాడినే. వ్యాను గుద్దితే రాయికి ఒక పక్క దెబ్బ తగులుతుంది. చుట్టూరా గాడి పడాలంటే ఇనుప గొలుసు బిగించి ట్రాక్టరుతో లాగాలి. ఆ రోజుల్లో రాయి నిలబడినది హెల్మెర్ చేను నడుమ, నాగలికి అడ్డంగా. ఊళ్లో ట్రాక్టరు అతనొక్కడికే ఉండేది. ఇదంతా ఆమెకు తెలుసు; తెలిసినదానికీ రుజువైనదానికీ మధ్య తేడా ఎంతో కూడా తెలుసు. ముక్క దొరికితే తప్ప రుజువు లేదు. అందుకని నోరు మూసుకుని ఇరవై ఆరేళ్లు రంగు నింపింది, కొలిచింది, రాసుకుంది. దారిలో హెల్మెర్ ఎదురైతే వాతావరణం గురించి మాట్లాడింది. ద్వేషం ఆమెలో వేడిగా ఉండేది కాదు. కొలత పుస్తకంలా ఉండేది. ఏడాదికొక గీత.

వారం తిరక్కుండా ఓర్యాన్ ఫోన్ చేశాడు.

“సిగ్‌బ్రిట్ గారూ, రాయి తరలింపును తట్టుకుంటుందా లేదా మీరు నివేదిక ఇవ్వాలి. మీరు తట్టుకోదని రాస్తారని హెల్మెర్ గారు మీ మీద ఫిర్యాదు ముందే పంపేశారు. దాన్ని ఏ ఫైల్లో పెట్టమంటారు?”

“మీ ఇష్టం. రాయి దృఢంగా ఉంది. లోపల పగులు లేదు. ఎత్తవచ్చు.”

“ఆలోచించుకునే చెబుతున్నారా?”

“రాయి గురించి నేను ఇంతవరకు ఒక్క తప్పుడు వాక్యం రాయలేదు ఓర్యాన్. ఇప్పుడెందుకు రాస్తాను?”

చోటు నిర్ణయించే పని చర్చి సంఘం హెల్మెర్‌కే అప్పగించింది. ఖర్చు పెట్టేది ఆయనే గనక. దక్షిణపు గోడ పక్కన, ఎండ బాగా పడేచోట, వచ్చేపోయేవాళ్లకు కనబడేలా నిలపాలన్నాడు. అక్కడికి దగ్గర్లోనే మైలీస్ సమాధి ఉంది. ఒకే పలక మీద ఇద్దరి పేర్లూ చెక్కి ఉన్నాయి: మైలీస్ పేరు కింద పుట్టిన ఏడు, పోయిన ఏడు; హెల్మెర్ పేరు కింద పుట్టిన ఏడు, ఒక చిన్న అడ్డగీత, ఆ పైన నున్నని ఖాళీ. హెల్మెర్ జాగ్రత్తపరుడు. సెప్టెంబరు చివర ఒక ఉదయం తనే టేపు పట్టుకుని, దిమ్మె పడబోయే చోటు నుంచి సమాధి అంచుదాకా మూడుసార్లు కొలిచాడు. పన్నెండు మీటర్ల నలభై సెంటీమీటర్లు. గీతకు అవతల నలభై.

సిగ్‌బ్రిట్ గోడ వారన కూర్చుని రంగు కలుపుతూ ఆ మూడు కొలతలూ చూసింది. ఆమె నీలం పుస్తకంలో 1991వ సంవత్సరపు పుట ఉంది. ఆ ఏడు గుర్రం తన్ని తుంటి విరిగి హెల్మెర్ ఫిబ్రవరి నుంచి జూలై దాకా ఉప్సాలా ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ వసంతంలో రాయి కమతం దారి విడిచి, దక్షిణంగా, ఉప్సాలా వైపుకు, పద్దెనిమిది సెంటీమీటర్లు నడిచింది. అతను ఇంటికి వచ్చిన మరుసటేడు మళ్లీ ఉత్తరానికి తిరిగింది. రాయికి ఇల్లు అక్కర్లేదు, మనిషి పడుకునే చోటు చాలు.

“కొలత సరిపోయిందంటావా?” అని హెల్మెర్ కేకేశాడు.

“సరిపోయింది పెద్దాయనా,” అంది ఆమె. అది నిజమే.

అక్టోబరులో క్రేను వచ్చింది. రాయి పట్టీల్లో వేలాడుతూ చేను దాటి, రోడ్డు దాటి, గోడ మీదుగా దిగి, నాలుగు ఉక్కు కడ్డీల మీద కూర్చుంది. ఒప్పందంలో ఉన్న ప్రకారం సిగ్‌బ్రిట్ అక్షరాలకు కొత్త రంగు నింపింది. పొడిబారిన గాడుల్లో రంగు దిగుతుంటే ఎప్పుడూ లేనంత నెమ్మదిగా, ఒక్కొక్క అక్షరం చివరిదాకా, రెండుసార్లు పూసింది.

మరుసటి వసంతంలో రాయి నలభై మూడు సెంటీమీటర్లు నడిచింది. కాంక్రీటు దిమ్మె, కడ్డీలు అన్నీ దానితోపాటే వచ్చాయి. ఓర్యాన్ కొత్త పటం గీసి పంపాడు. గీత మైలీస్ సమాధి అంచు మీదుగా మూడు సెంటీమీటర్లు లోపలికి వెళ్లింది. సమాధిలో ఏ కొస తవ్వినా గీత లోపల తవ్వినట్టే లెక్క అని కార్యాలయం ఉత్తరం రాసింది.

మే నెలలో, ప్రతి ఏడూ చేసినట్టే, హెల్మెర్ పాన్సీ పూలమొక్కల పళ్లెం పట్టుకుని సమాధి దగ్గరకు వచ్చాడు. చర్చి పనులు చూసే గున్‌వోర్ అనే ఆవిడ పరుగెత్తుకొచ్చి అతని చేతిలో తాపీ లాక్కుంది.

“క్షమించాలి హెల్మెర్. వేలెడు గుంట కూడా వద్దని ఉత్తరంలో ఉంది. కుండీలో పెట్టుకో, చక్కగా ఉంటుంది.”

“కుండీలోనా? నా పెళ్లానికి?”

“నన్నేం చెయ్యమంటావు చెప్పు. ఉత్తరం నేను రాశానా?”

అతను పళ్లెంతోనే సిగ్‌బ్రిట్ దగ్గరకు వచ్చాడు. ఆమె రాతి పాదం దగ్గర మడతకుర్చీ వేసుకుని కొలతలు రాసుకుంటోంది.

“నువ్వు తెలిసే ఊరుకున్నావు.”

“ఏమిటి తెలిసి?”

“అది నా పొలం కోసం వస్తోందనుకున్నాను. ఊరంతా అదే కదా అంది.”

“ఊరంతా అంది. నేననలేదు.” ఆమె నీలం పుస్తకం తెరిచి 1991 పుట అతని ముందు పెట్టింది. అతను కళ్లజోడు తీసి తుడుచుకుని చదివాడు. చదవడం అయిపోయాక కూడా పుస్తకం వదలలేదు.

“నాకు ఎనభై అయిదు,” అన్నాడు చివరికి. “డాక్టరు గుండె గురించి చెప్పేది నాకు వినబడదనుకుంటాడు. ఆవిడ పక్కన పడుకోవాలి నేను. పెట్టె వద్దంటే వద్దు. కాల్చి బూడిద చేసి కుండలో పెట్టండి. రెండు జానల గుంట చాలు. కాల్చడం నాకు ఇష్టం లేదు, అయినా సరే. ఆ అనుమతి నీ నివేదిక మీదే ఉంటుందన్నాడు ఓర్యాన్.”

“రాతి తల ఎక్కడుంది?”

అతను పళ్లెం గడ్డి మీద పెట్టాడు. ఎక్కడో చర్చి వెనక గడ్డి కోసే యంత్రం రొద ఆగి, మళ్లీ మొదలైంది.

“నేలమాళిగ గడప,” అన్నాడు. “అక్షరాలు కిందికి పెట్టి వేశాను. మైలీస్‌కు తెలీదు. బంగాళాదుంపల కోసం రోజూ దాన్నే తొక్కుతూ దిగేది పాపం. పగలగొట్టాలని కాదమ్మా. పక్కకు లాగుదామనుకున్నాను. గొలుసు బిగిసేసరికి తల ఊడింది.”

“మా నాన్న?”

“మీ నాన్న వ్యానులో నిద్రపోతున్నాడు. రోడ్డు మీద, రాయికి వంద గజాల దూరంలో.”

“ఆయన పేరే ఎందుకు చెప్పారు?”

హెల్మెర్ ఆమె వైపు చూడలేదు. “అతనికి గుర్తుండదని తెలుసు గనక.”

సిగ్‌బ్రిట్ పుస్తకం మూసింది. దాని రబ్బరు పట్టీని రెండుసార్లు తీసి పెట్టింది.

“ఆదివారం ప్రార్థన తరువాత, కాఫీ దగ్గర చెప్పాలి. అందరి ముందు. మా నాన్నను అక్కడే దోషిని చేశారు.”

“రాసిస్తాను...”

“నోటితో.”

“చెబితే? నన్ను ఆవిడ పక్కన పెట్టనిస్తావా?”

అతను చేయి చాచాడు. ఆ ప్రాంతంలో చేయి కలిపితే కాగితం అడగరు. ఎండిపోయిన, మచ్చలు పడిన, పెద్ద చేయి. ఆమె దాన్ని పట్టుకుంది.

ఆదివారం కాఫీ గదిలో ముప్ఫై మంది ఉన్నారు. యాలకుల బన్నులు సగం అయిపోయాయి. హెల్మెర్ బల్ల పట్టుకుని లేచి, ఎవరి ముఖమూ చూడకుండా, నాలుగు వాక్యాల్లో అంతా చెప్పి కూర్చున్నాడు. చెంచాల చప్పుడు ఆగిపోయింది. ఒక ముసలాయన దగ్గి, దగ్గినందుకు సిగ్గుపడ్డాడు. చాలాసేపటికి గున్‌వోర్ కెటిల్ ఎత్తింది.

“ఇంకాస్త కాఫీ ఎవరికైనా?”

ముప్ఫై కప్పులూ ఒక్కసారే ముందుకు వచ్చాయి.

జూన్‌లో నేలమాళిగ గడప పెకలించారు. మట్టివైపున్న అక్షరాలు నిన్న చెక్కినంత పదునుగా ఉన్నాయి. నలభై మూడేళ్లు వాటికి వాన తగల్లేదు. సున్నపు గచ్చుతో, సన్నని ఉక్కు సూదులతో సిగ్‌బ్రిట్ తలను మొండేనికి అతికింది, రంగు నింపింది. ‘దేవుడు అతని ఆత్మను కాపాడుగాక.’ జిల్లా పత్రికలో నాలుగో పుటలో ఒక వార్త పడింది. 1974 నాటి ఉత్తర్వు రద్దయింది. దుకాణంలో, బస్సు స్టాపులో జనం ఆమెతో వాల్‌ఫ్రిడ్ మంచితనం గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. అంతకాలం ఆ మంచితనం ఎక్కడ దాచారో ఆమెకు అర్థం కాలేదు.

వ్యవహారం అక్కడితో ముగిసి ఉండేది. కాని రద్దయిన ఉత్తర్వుతో పాటు పాత ఫైలు నకలు కూడా ఆమెకు పంపాలని నియమం. అక్టోబరులో కవరు వచ్చింది. అందులో పోలీసులకు తండ్రి ఇచ్చిన వాంగ్మూలం ఉంది. టైపు చేసిన మూడు పంక్తులు, కింద రంగు నూరి నూరి బండబారిన చేతి సంతకం.

‘నాకు గుర్తు లేదు. హెల్మెర్ అబద్ధం చెప్పే మనిషి కాడు గనక నేనే చేసి ఉంటాను. ఆ రాయిని నా పిల్లతో సమానంగా చూసుకున్నాను, క్షమించండి.’

ఆయన నిందకు కుంగి చనిపోయాడని ఆమె అనుకుంటూ వచ్చింది. నింద కాదు. ఆయన దాన్ని నమ్మాడు. తన చేతులతో కడిగి, రంగు నింపి, కొలిచిన రాయిని తనే విరగ్గొట్టానని నమ్మి, రెండు చలికాలాలు ఆ నమ్మకంతో గోడ వైపు తిరిగి పడుకుని చనిపోయాడు. కాఫీ గదిలో చెప్పిన నాలుగు వాక్యాలు వినడానికి ఆయన లేడు. సిగ్‌బ్రిట్ ఆ కాగితాన్ని నీలం పుస్తకంలో పెట్టుకుంది. చలికాలమంతా రోజుకొకసారి తీసి చదివింది.

2018 వసంతంలో ఆమె కొలిచినప్పుడు రాయి కదల్లేదు. మూడు గుర్తుల నుంచీ మళ్లీ కొలిచింది. సున్న. ఇన్ని తరాల కొలతల్లో సున్న ఎన్నడూ లేదు. హెల్మెర్ కర్ర మీద వాలి చూస్తున్నాడు.

“శాంతించింది, చూశావా!” అన్నాడు. ముఖం చిన్నపిల్లాడిలా వెలిగింది. “గీత మాత్రం అక్కడే ఉండిపోయింది. పోనీలే. నువ్వు చేయి కలిపావు, నాకదే చాలు.”

“చలిగా ఉంది, ఇంటికి వెళ్లండి పెద్దాయనా.”

నవంబరులో అతను చనిపోయాడు. అతను కోరినట్టే దహనం చేశారు. ఓర్యాన్ ఫోన్ చేశాడు.

“బూడిద కుండ ఒక్కటే. రెండు జానల గుంట, రాతికి పన్నెండు మీటర్ల దూరం. నా దృష్టిలో ఏ ఇబ్బందీ లేదు. కాని మీ మాట లేకుండా అనుమతి ఇవ్వలేను. నేల పరిస్థితి ఏమిటి?”

సిగ్‌బ్రిట్‌కు నేల పరిస్థితి తెలుసు. బంకమట్టి, గట్టిది, కింద బండ. ఇలాంటి అనుమతులు అంతకుముందు రెండు చర్చిల్లో తనే, ఒక్క వాక్యంతో, ఇప్పించింది. బల్ల మీద నీలం పుస్తకం తెరిచి ఉంది. తండ్రి సంతకంలో చివరి అక్షరం కాగితం అంచు దాటి పోయింది.

“నేల వదులుగా ఉంది,” అంది. “అతికిన తల బరువుకు రాయి ఒరిగే ప్రమాదం ఉంది. గుంట తవ్వడం మంచిది కాదు.”

“గుంట చిన్నదే కదా సిగ్‌బ్రిట్ గారూ?”

“రాసి పంపిస్తాను.”

రాసి పంపింది. మూడు పంక్తులు, కింద సంతకం.

హెల్మెర్ బూడిదను చర్చి ఉత్తరాన ఉన్న స్మృతివనంలో కలిపారు. అక్కడ పలకలుండవు, ఎవరి బూడిద ఏ చెట్టు కింద ఉందో బంధువులకు కూడా చెప్పరు. మైలీస్ పలక మీద అతని పోయిన ఏడు చెక్కమంటారా అని రాతిపనివాడు అడిగితే, ఆ చోట పడుకున్నవాళ్లకే ఏడు చెక్కుతామని గున్‌వోర్ చెప్పింది. అడ్డగీత పక్కన నున్నని ఖాళీ అలాగే ఉండిపోయింది. ఆ చలికాలం సిగ్‌బ్రిట్ కంటినిండా నిద్రపోయింది. జనవరిలో ఒకనాడు పొయ్యి ముందు కూర్చుని తండ్రి వాంగ్మూలం చదవబోయి, ఆ రోజుకు చదవాల్సిన అవసరం కనబడక, పుస్తకం మూసేసింది.

మంచుగడ్డ ఆ ఏడు తొందరగా విడిపోయింది. సోమవారం నాడు ఓర్యాన్ కూడా వచ్చాడు. రాయి నిలిచిపోయింది గనక ఇక ఏటా కొలవనక్కర్లేదని నమోదు చేసి, లెక్క మూసేయాలని కార్యాలయం వాళ్లు అతన్ని పంపారు. అతను టేపు కొస పట్టుకున్నాడు, ఆమె చదివింది.

“ముప్ఫై ఎనిమిది,” అంది.

“మిల్లీమీటర్లా?”

“సెంటీమీటర్లు.”

ఓర్యాన్ రాసుకోబోయి ఆగాడు. “రంగు వేసి రెండేళ్లయిందే. పొరపాటేమో చూడండి.”

ఇద్దరూ చోట్లు మారి మళ్లీ కొలిచారు. ముప్ఫై ఎనిమిది. రాతి వెనక గడ్డి కలిసిపోయి ఉంది. సమాధి గీతకు బయటపడింది. మైలీస్ పక్కన ఇప్పుడు ఎవరైనా, ఎంత లోతైనా, తవ్వుకోవచ్చు. సిగ్‌బ్రిట్ దుర్బిణిలో కన్ను పెట్టి కోణం చూసింది. చూసిన కన్ను తీయకుండా చాలాసేపు అలాగే వంగి ఉంది.

“దిక్కు?” అన్నాడు ఓర్యాన్, కలం ఎత్తి పట్టుకుని.

“తూర్పు, ఈశాన్యానికి పద్నాలుగు డిగ్రీలు.”

“అటేముంది? సరస్సు పాయ తరువాత పొలాలే కదా?”

“పొలాల తరువాత ఒక ఎర్ర ఇల్లుంది. నాది.”

ఓర్యాన్ తల ఎత్తలేదు. మర్యాద తెలిసిన మనిషి. “దూరమా?”

“ఎనిమిది వందల అరవై మీటర్లు. ఈ నడకన రెండు వేల రెండు వందల ఏళ్లకు పైగా పడుతుంది.” ఆమె లెక్క నోటితోనే వేసింది, తప్పు రాలేదు. నవ్వబోయింది. గోడ వారన టేపు పట్టుకుని మూడుసార్లు కొలుచుకున్న మనిషి గుర్తొచ్చి నవ్వు రాలేదు. ఆమె పేర, తండ్రి సమాధి పక్కన, ఇదే ఆవరణలో, అదే దిక్కున, ఆరడుగుల నేల పద్దెనిమిదేళ్ల కిందటే రాయించి ఉంది.

“నిలిచిపోయిందని రాసి లెక్క మూసేయమన్నారు మావాళ్లు,” అన్నాడు ఓర్యాన్ మెల్లగా. “మీరు అలా అంటే నేను అలాగే రాస్తాను. మీ మాటను ఎవరూ ప్రశ్నించరు.”

సిగ్‌బ్రిట్ టేపు చుట్టింది. బ్రష్షు తీసుకుని బకెట్లో ముంచి, తల అతికిన చోట పచ్చగా మొలుస్తున్న పాచిని సబ్బు లేకుండా, నెమ్మదిగా కడగడం మొదలుపెట్టింది.

“ముప్ఫై ఎనిమిది,” అంది. “దిక్కుతో సహా రాయండి.”